తమ పేరు తామే అచ్చు వేసుకున్నవారు



మన సరిహద్దు పల్లెల్లో ఏ ఇంట పెళ్ళి కుదిరినా ముందు వినిపించే మాట టి. నగర్. పుత్తూరు, నగరి, సత్యవేడు, సూళ్ళూరుపేట, ఎక్కడివారైనా సరే, తెల్లవారుజామున బస్సో రైలో పట్టుకుని చెన్నై చేరి, రంగనాథన్ వీధి జనంలో పడి, పొద్దు గూకే వేళకు పట్టుచీరల సంచులతో తిరుగు ప్రయాణం కావడం మనకు అలవాటే. కొన్నేళ్ళ కిందట మా చెల్లెలి కూతురి పెళ్ళికని నేనూ అలాగే వెళ్ళాను. పానగల్ పార్కు దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా వెనక నుండి "సార్, బాగుండారా?" అని అచ్చం మన ఊరి యాసలో ఒక పిలుపు వినిపించింది.

తిరిగి చూస్తే చీర కట్టుకుని, జడ వేసుకున్న ఒక మనిషి. నాకు ఆనవాలు తెలియలేదు. "మీ దగ్గర ఏడో తరగతి చదివినాను సార్. అప్పుడు మగపిల్లోణ్ణి" అంది. అప్పుడు గుర్తొచ్చింది. పేరు చెప్పను. చెప్పవలసిన పని లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్త అది. ఆ పిల్లవాడి నడకను, మాట తీరును చూసి తరగతిలో తక్కిన పిల్లలు ఒక ఎగతాళి పేరు పెట్టారు. ఒకనాడు నేను హాజరు పిలుస్తూ ఆ పిల్లవాడి పేరు చదివాను. వెంటనే వెనక బెంచీ నుండి ఎవరో ఆ రెండో పేరు అందించారు. తరగతంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నేను చేసింది అంతే. కానీ మరుసటి వారం నుండి ఆ పిల్లవాడు బడికి రాలేదు. వరుసగా గైర్హాజరు వేసి, చివరకు ఎర్రసిరాతో పేరు కొట్టేసింది కూడా నేనే.

పానగల్ పార్కు దగ్గర ఆమె ఆ సంగతి ఎత్తలేదు. టీ ఇప్పించింది. చేతిసంచిలో నుండి ఒక తమిళ పత్రిక తీసి చూపించింది. తనలాంటివారు తమ గురించి తామే రాసుకున్న మాటలు అందులో ఉన్నాయి. "దీంట్లో ఉండేదంతా మా మాటే సార్. ఇదే తెలుగులో ఉంటే మా అమ్మకు ఎవరి చేతనైనా చదివించి ఉందును. నేను చెప్తే వినదు. అచ్చులో ఉండే మాట, రేడియోలో వచ్చే మాట అయితే నమ్ముతుంది" అంది. తల్లీ బిడ్డా మాట్లాడుకుని అప్పటికే చాలా ఏళ్ళయిందట.

బస్సు ఎక్కిన తరువాత కూడా ఆ మాట నన్ను వదలలేదు. అచ్చయిన మాటకు అంత బలం ఎక్కడి నుండి వస్తుంది? నలుగురూ నవ్వే మనుషులకు తమదంటూ ఒక పత్రిక ఎందుకు? అటువంటి పత్రికలు మన దేశంలో ఎలా పుట్టాయి? ఆ చరిత్రలో నాకు తెలిసినంత మీ ముందు ఉంచడమే ఈనాటి నా ప్రసంగం ఉద్దేశం.

ముందుగా ఎవరి గురించి మాట్లాడుతున్నామో స్పష్టంగా చెప్పుకుందాం. పురుషుణ్ణి ప్రేమించే పురుషులు ఉన్నారు. స్త్రీని ప్రేమించే స్త్రీలు ఉన్నారు. ఇరువురినీ ప్రేమించగలవారు ఉన్నారు. పుట్టినప్పుడు మంత్రసాని చెప్పిన మాట తమ విషయంలో పొరపాటని పెరిగేకొద్దీ తెలుసుకున్నవారు ఉన్నారు. వీరందరినీ కలిపి ఎల్.జి.బి.టి. అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో పిలుస్తున్నారు. అక్షరాలు కొత్తవే కాని మనుషులు కొత్తవారు కారు. ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఊరు వారికి పెట్టిన పేర్లు మాత్రం మనం రేడియోలో పలకదగినవి కావు.

ఇక పత్రిక సంగతి. దీనికి మన టి. నగర్ పేరే ఒక పాఠం. టి. నగర్ అంటే త్యాగరాయ నగర్. పిట్టి త్యాగరాయ చెట్టి గారు తెలుగువారు. పక్కనున్న పార్కు పానగల్ రాజా పేరు మీద ఉంది. ఆయన మన కాళహస్తిలో పుట్టిన పానగంటి రామరాయణింగారు, 1921 నుండి 1926 దాకా మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి. ఈ ఇద్దరిదీ ఒకే పార్టీ. 1916లో పుట్టిన ఆ పార్టీ అసలు పేరు దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య. ఆ పేరు ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది? 1917లో వారు "జస్టిస్" అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. తెలుగులో "ఆంధ్రప్రకాశిక", తమిళంలో "ద్రావిడన్" వారి మాట వినిపించాయి. కొద్దికాలానికే జనం ఆ పార్టీని జస్టిస్ పార్టీ అనడం మొదలుపెట్టారు. పార్టీ పెట్టుకున్న పేరు మరుగున పడి, పత్రిక పేరే పార్టీ పేరయింది. ఒక సమూహం తన మాట తాను అచ్చు వేసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

స్త్రీల విషయమూ ఇంతే. 1883లో వీరేశలింగం పంతులు గారు "సతీహితబోధిని" నడిపారు. 1902లో "హిందూసుందరి" వచ్చింది. 1928లో ఇదే మద్రాసు నుండి కేసరి గారి "గృహలక్ష్మి" వచ్చింది. మొదట మగవారు స్త్రీలకు చెప్పవలసినది రాశారు. క్రమంగా స్త్రీలే తమకు తోచింది రాయడం మొదలుపెట్టారు. ఆ పుటలు లేకపోతే ఎన్నో ఇళ్ళలో స్త్రీల మనసులో మాట వంటింటి గడప దాటేది కాదు.

మరి అచ్చుయంత్రం అందుబాటులో లేనివారు, పేరు బయటపెడితే ఉద్యోగం పోయేవారు ఏం చేయాలి? దీనికి ఒక ముచ్చట చెబుతాను. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే, అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరంలో ఒక సినిమా స్టూడియోలో ఎడిత్ ఐడీ అనే యువతి కార్యదర్శిగా పని చేస్తుండేది. చేతిలో పని తక్కువగా ఉన్న వేళల్లో ఆఫీసు టైపు యంత్రం మీద, కార్బన్ కాగితాలు పెట్టి, స్త్రీలను ప్రేమించే స్త్రీల కోసం ఒక చిన్న పత్రిక టైపు చేసింది. పేరు "వైస్ వర్సా". ఒక్కో సంచికకు పది పన్నెండు ప్రతులు. చదివినవారు మరొకరి చేతికి ఇవ్వాలి. తొమ్మిది సంచికలు మాత్రమే వచ్చాయి. అదే నగరంలో 1953లో "వన్" అనే పత్రిక మొదలైతే, 1954లో తపాలా శాఖ ఒక సంచికను అశ్లీలమని ఆపేసింది. నడిపేవారు కోర్టుకు వెళ్ళారు. 1958లో అమెరికా సుప్రీంకోర్టు పత్రిక పక్షాన తీర్పు చెప్పింది. పత్రిక టపాలో వెళ్ళడానికే నాలుగేళ్ళు పోరాడవలసి వచ్చిందన్నమాట.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు కూడా ఊరుకోలేదు. 1986లో కాలిఫోర్నియాలో అరవింద్ కుమార్, సువీర్ దాస్ అనే ఇద్దరు భారతీయ యువకులు "త్రికోణ్" అనే పత్రిక మొదలుపెట్టారు. హిట్లరు కాలంలో నిర్బంధ శిబిరాల్లో ఇటువంటి పురుషుల చొక్కాల మీద గులాబి రంగు త్రికోణం కుట్టించేవారు. అవమానానికి గుర్తుగా కుట్టిన ఆ బట్టపేలికనే వీరు తమ పత్రికకు పేరుగా తీసుకున్నారు.

ఇక మన దేశానికి వద్దాం. ఆంధ్రపత్రిక ఎక్కడ పుట్టిందో మీకు గుర్తుందా? 1908లో బొంబాయిలో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అక్కడ వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. సొంతగడ్డకు దూరంగా, మహానగరపు జనంలో కలిసిపోయినవారికే ఒక్కొక్కప్పుడు తమ మాట అచ్చులో చూసుకోవాలనే ఆరాటం ఎక్కువగా ఉంటుంది. అదే బొంబాయిలో, 1990లో, "బాంబే దోస్త్" పుట్టింది.

దాన్ని ప్రారంభించిన అశోక్ రావ్ కవి వృత్తిరీత్యా పాత్రికేయుడు. 1986లో "సావీ" అనే పత్రికలో తాను పురుషులను ప్రేమించే పురుషుణ్ణని పేరుతో సహా చెప్పుకున్నాడు. అప్పటికి అది శిక్షాస్మృతి 377వ సెక్షను కింద నేరం. 1860లో ఇంగ్లీషువారు రాసిపెట్టిన ఆ సెక్షనులో యావజ్జీవ శిక్ష దాకా అవకాశం ఉండేది. అటువంటి రోజుల్లో పత్రిక పెట్టడమంటే మాటలా? అందుకే పేరు కూడా చూడండి. దోస్త్ అంటే స్నేహితుడు. ఇంట్లో ఎవరి కంట పడినా ఆ పేరును తప్పుపట్టలేరు. మొదట్లో ప్రతులను ఖాకీ కాగితంలో చుట్టి చాటుగా అమ్మేవారు. ఇంగ్లీషుతో పాటు హిందీలోనూ పుటలు ఉండేవి, ఎందుకంటే ఈ బాధ ఇంగ్లీషు వచ్చినవారిది మాత్రమే కాదు.

అటువంటి పత్రికకు వెన్నెముక సంపాదకీయం కాదు, ఉత్తరాలు. పెళ్ళి చేసుకోమని ఇంట్లో ఒత్తిడి పెడుతున్నారు, ఏం చేయాలి? ఇది జబ్బా, దీనికి మందు ఉందా? మా ఊళ్ళో నేను ఒక్కణ్ణేనా? ఇవి అమ్మనో నాన్ననో అడగలేని ప్రశ్నలు, మాబోటి ఉపాధ్యాయులను అసలే అడగలేని ప్రశ్నలు. జవాబు ఎలాంటిదైనా సరే, తన ప్రశ్న వంటిదే మరొకరి ప్రశ్న అచ్చులో కనిపిస్తే చాలు, నేను ఒంటరివాణ్ణి కాను అని తెలుస్తుంది. పత్రిక చేసిన మొదటి మేలు అదే. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1994లో, ఆ పత్రిక చుట్టూ చేరినవారే హమ్‌సఫర్ ట్రస్టు అనే సంస్థను నిలబెట్టారు. కలకత్తా నుండి "ప్రవర్తక్" అనే పత్రిక కూడా ఆ దశకంలోనే నడిచింది.

ఆ రోజుల్లో ఇటువంటి పత్రికకు ఇంకొక అత్యవసరమైన పని ఉండేది. అది మన చెన్నైతో ముడిపడినది. మన దేశంలో హెచ్.ఐ.వి. మొదటిసారి బయటపడింది 1986లో ఇక్కడే. మద్రాసు వైద్య కళాశాలలో డాక్టర్ సునీతి సాలొమన్, ఆమె శిష్యురాలు నిర్మల చేసిన రక్తపరీక్షల్లో ఆ సంగతి తేలింది. తరువాత డాక్టర్ సునీతి 1993లో వై.ఆర్.జి. కేర్ అనే సంస్థను స్థాపించారు. తొలి రోజుల్లో అది పని చేసింది టి. నగర్ రామన్ వీధిలోనే. మనం పట్టుచీరలు బేరమాడుతున్న వీధులకు కూతవేటు దూరంలో, ఎవరూ తాకడానికి ఇష్టపడని రోగులు వైద్యం కోసం మెట్లెక్కుతుండేవారు. జబ్బు నుండి ఎలా కాపాడుకోవాలో గోడల మీద ఎన్ని ప్రకటనలు రాసినా, నేరస్థుడన్న ముద్ర పడిన మనిషి ముందుకు వచ్చి అడగడు. తనవాడు రాసిన పత్రికలో ఉంటే చదువుతాడు. అందుకే ఆరోగ్యం గురించిన సమాచారం బాంబే దోస్త్‌లో ముఖ్యమైన భాగమయింది. ప్రాణాలు నిలబెట్టే సమాచారం కూడా నమ్మకమున్న చోటు నుండి వస్తేనే మనసుకు ఎక్కుతుంది.

అయితే పత్రిక నడపడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. ప్రకటనలు ఇచ్చే వ్యాపారులు లేరు. అంగడిలో పైకి కనిపించేలా వేలాడదీసేవారు లేరు. డబ్బు చాలక 2002లో బాంబే దోస్త్ ఆగిపోయింది. ఏడేళ్ళ తరువాత, 2009లో, మళ్ళీ వెలువడింది. ఈసారి ఖాకీ కాగితం చుట్టు లేదు. అదే ఏడాది జూన్‌లో చెన్నైలో మొదటిసారి ఇంద్రధనుస్సు రంగుల జెండాలతో ఊరేగింపు జరిగింది. కొద్దిరోజులకే, జూలై 2న, ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షనును సడలించింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. మళ్ళీ 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు, ఇష్టపడిన పెద్దవారి మధ్య సంబంధం నేరం కాదని తేల్చి చెప్పింది. నూట యాభై ఏళ్ళకు పైబడిన నేరముద్ర అలా తొలగింది. పెళ్ళికి మాత్రం చట్టం గుర్తింపు ఇంకా రాలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ పని శాసనసభలదని చెప్పింది.

తమిళంలో ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం. పొల్లాచ్చికి చెందిన కల్కి సుబ్రమణియం అనే తిరునంగై, కళాశాలలో జర్నలిజం చదువుకునే రోజుల్లోనే "సహోదరి" అనే తమిళ మాసపత్రికను తెచ్చింది. తరువాత అదే పేరుతో సంస్థను స్థాపించి, తనవంటివారికి కెమెరా పట్టుకోవడం, తమ కథ తామే చెప్పుకోవడం నేర్పింది. 2008లో రోజ్ అనే తిరునంగై తమిళ టెలివిజనులో ఒక చర్చా కార్యక్రమాన్ని నడిపింది. 2014 ఆగస్టు 15న కోయంబత్తూరులో పద్మిని ప్రకాష్ టెలివిజనులో వార్తలు చదివింది. చదవగా వినవలసినవారు తామే చదివి వినిపించే స్థితికి చేరుకున్నారు.

నేను ఇందాక తిరునంగై అన్నాను. ఆ మాటను గమనించండి. తమిళంలో తిరు అంటే శ్రీ. నంగై అంటే గౌరవనీయురాలైన స్త్రీ. అంతకుముందు తమిళంలోనూ ఎగతాళి మాటలే ఎక్కువ. ఈ గౌరవపదం వాడుకలోకి వచ్చి, ప్రభుత్వ కాగితాలకు ఎక్కి, పత్రికలకు అలవాటయింది. 2008లో తమిళనాడు ప్రభుత్వం వారికోసం సంక్షేమ మండలిని కూడా ఏర్పాటు చేసింది. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేష్ గారు, ఇళ్ళ నుండి పారిపోయి వచ్చిన ఇద్దరు యువతుల కేసు వింటూ, ఈ విషయం తనకే సరిగా తెలియదని ఒప్పుకుని, ముందు తాను నేర్చుకున్నారు. ఆ కేసు ఫలితంగా 2022లో, వీరిని ఏయే మాటలతో గౌరవంగా పిలవాలో తెలిపే తమిళ పదాల పట్టికను ప్రభుత్వం గెజెట్టులో ప్రకటించింది. న్యాయమూర్తి విద్యార్థి కావడానికి వెనుకాడలేదు. మాబోటి ఉపాధ్యాయులకు అది పెద్ద పాఠం.

మన తెలుగువైపు వచ్చేసరికి మొదట కనబడేది పత్రిక కాదు, పోలీసు రిజిస్టరు. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాదులో ఒక చట్టం చేశారు. హిజ్రాల పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో రాసిపెట్టాలి. ఆ రిజిస్టరుకు ఎక్కిన మనిషి ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. చివరకు 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

ఆలోచించి చూడండి. పోలీసు రిజిస్టరులోనూ పేరే రాస్తారు. బడి హాజరుపట్టీలోనూ పేరే రాస్తారు. పత్రికలోనూ పేరే అచ్చవుతుంది. కానీ మొదటి రెండింటిలోనూ కలం మరొకరి చేతిలో ఉంటుంది. నా చేతిలో ఉన్న కలంతోనే కదా ఒక పేరు కొట్టేశాను! మూడోదానిలో మాత్రం కలం తమ చేతిలోనే ఉంటుంది. సొంత పత్రిక విలువంతా ఆ తేడాలోనే ఉంది.

తెలుగు పాఠకుల ఇళ్ళలోకి ఈ మాట ఎక్కువగా ఒక పుస్తకం ద్వారా వచ్చింది. తమిళనాడులో పుట్టి పెరిగిన ఎ. రేవతి తన జీవితాన్ని తానే రాసుకుంది. దాన్ని పి. సత్యవతి గారు "ఒక హిజ్రా ఆత్మకథ" పేరుతో తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. రెండు భాషల మధ్య బతికే మనకు ఇది సంతోషం కలిగించే సంగతి. సరిహద్దు అనేది మాటను ఆపే గోడ కానక్కరలేదు.

తెలుగు చెప్పేవాణ్ణి కనుక ఒక వ్యాకరణ విషయంతో ముగిస్తాను. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించింది ఈ మద్రాసులోనే. ఏడో తరగతి పిల్లలకు కూడా మేము చెప్పే సంగతి అందులో ఉంది. "వాడు వచ్చాడు" అంటాం. "ఆమె వచ్చింది" అంటాం. "ఆవు వచ్చింది", "బండి వచ్చింది" అని కూడా అంటాం. అంటే ఒక్కతెగా ఉన్నప్పుడు స్త్రీకి, ఆవుకి, బండికి మన క్రియాపదంలో తేడా లేదు. కానీ బహువచనంలో చూడండి. ఆవులు వచ్చాయి, బండ్లు వచ్చాయి. స్త్రీలు మాత్రం వచ్చారు. పురుషులూ వచ్చారు. "వారు" అన్న మాటలో ఆడా మగా అనే ప్రశ్నే లేదు. నలుగురు కూడితే చాలు, తెలుగు వారిని మనుషులుగా గుర్తిస్తుంది. ఒక పత్రిక చేసే పని కూడా అదే. ఒక్కొక్కరుగా నవ్వులపాలైనవారిని ఒకచోట చేర్చి "వారు" అనిపిస్తుంది.

నేనిప్పుడు హాజరు పిలిచేటప్పుడు వెనక బెంచీ వైపు ఒక చెవి వేసి ఉంచుతాను. ఎవరైనా రెండో పేరు అందిస్తే అక్కడే ఆపి, అసలు పేరును మళ్ళీ పిలుస్తాను. ఇరవై ఏళ్ళ ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఇది.

మన పల్లెల్లో ఏదో ఒక ఇంటిలో, పొయ్యి దగ్గర కూర్చుని, ఈ ప్రసంగం వింటున్న తల్లి ఒకరు ఉండవచ్చు. అమ్మా, నీ బిడ్డ చేసింది నేరం కాదని ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. అది జబ్బు కాదని వైద్యులు చెబుతున్నారు. నీ బిడ్డ టి. నగర్‌లో నాకు టీ ఇప్పించింది. నీ గురించే మాట్లాడింది. అచ్చులో ఉండే మాట, రేడియోలో వచ్చే మాట అయితే నువ్వు నమ్ముతావని చెప్పింది. అందుకే ఈ మాట రేడియోలో చెబుతున్నాను.